అలివేలు మడి

మార్గశిర శుద్ధ విదియ

పెసరపిండి రుబ్బుతుంటే కబురొచ్చింది, ఈ ఏడు శ్రోతల చీటీలో నా పేరు వచ్చిందని. పిండి చేత్తోనే నిలబడి విన్నాను. విద్యాలయం ఆఫీసు నుంచి వచ్చినాయన ఈ పుస్తకమూ ఒక పెన్సిలూ గట్టు మీద పెట్టి, "రోజూ రాయక్కర్లేదమ్మా, ఏదైనా జరిగిన రోజు రాస్తే చాలు. సభ అయ్యాక లైబ్రరీలో పెడతారు" అన్నాడు.

నా పేరు మంగతాయారు. హాస్టల్ వంటశాలలో పని. పదో తరగతి దాకా చదివాను. శ్రోతకి అంతకన్నా చదువు ఉండకూడదని నియమం. పరిశోధన చేసే పిల్లలు తమ పనంతా నాలాంటి ఒకరికి విడమరచి చెప్పాలి. సభ రోజున వాళ్ళు నోరు మెదపకూడదు. శ్రోతే లేచి, విన్నది తిరిగి చెప్పాలి. దాన్ని తిరుగుమాట అంటాం. కూర్చున్నవాళ్ళకి, అంటే పంతుళ్ళకీ విద్యార్థులకీ ఊడ్చేవాళ్ళకీ పైపులవాళ్ళకీ, అర్థమైతే చేతులెత్తుతారు. అప్పుడే పట్టా. అప్పుడే ఆ పని కొత్తలంకలో అమలు. శ్రోత "నాకు అర్థం కాలేదు" అంటే ఆ పిల్లో పిల్లాడో మళ్ళీ ఏడాది ఆగాలి.

మా తాతల కాలంలో ఎవరికీ అర్థం కాని గాలియంత్రం ఒకటి పెద్దల మాట మీద బిగించారట. అది ఆగిపోయిన రోజున దాన్ని మళ్ళీ తిప్పడం తెలిసిన మనిషి ఒక్కడే, ఆ ఒక్కడూ అప్పటికి లేడు. అప్పటినుంచి ఈ పద్ధతి.

నా వంతుకి వచ్చిన పిల్ల పేరు ప్రసూన. నల్లవేరు తెగులు మీద పని చేసిందట. వినగానే సంతోషపడ్డాను. కొన్ని నెలలుగా నేను గరిటె తగ్గించి వడ్డిస్తున్నది ఆ తెగులు వల్లే. ముందు కంది పోయింది. తర్వాత పెసర తగ్గింది. ఇప్పుడు వరినారు వేళ్ళు కూడా నల్లబడుతున్నాయంటున్నారు.

ఇంటికొచ్చి స్వామి దగ్గర బల్బు వేశాను. కొత్తలంకలో నిప్పు వెలిగించకూడదు, గాలి ఖర్చు. మా నరసింహస్వామికి దీపమంటే చిన్న బల్బే. తిథులు మాత్రం భూమి పంచాంగం ప్రకారమే రాస్తున్నాను. ఆ చంద్రుడు ఇక్కడ కనపడడు. అయినా మా అమ్మ అలాగే రాసేది.


మార్గశిర శుద్ధ చవితి

పొద్దున విద్యాలయంలో ప్రమాణం చేశాను. "విన్నది విన్నట్టు, కలపకుండా, దాచకుండా చెప్తాను." ఎవరి దేవుడి మీద వాళ్ళు చేస్తారు. నేను స్వామి మీద చేశాను.

మధ్యాహ్నం ప్రసూన వంటశాలకి వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. బక్కపిల్ల. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఆ పెన్సిలు కోసమే సంచంతా వెతికే రకం. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటాను, చెప్పమన్నాను.

"పిన్నీ, ముందు శిలీంధ్ర తంతువుల వ్యాప్తి గతిశీలత గురించి చెప్తాను."

"చెప్పు తల్లీ. కానీ రేపు నేను దీన్ని పైపుల బుల్లబ్బాయి ముందు చెప్పాలి. గతిశీలత అనగానే వాడు లేచి టీకి వెళ్ళిపోతాడు."

కిసుక్కున నవ్వింది. "బూజు పిన్నీ. బూజు ఎలా పాకుతుందో చెప్తాను."

"అలా చెప్పు."

బాగానే చెప్పింది. కంటికి కనపడని దారాల్లాంటి బూజు ఒకటి మట్టిలో ఉంది. అది వేరును చుట్టుకుని, వేరు తాగాల్సిన నీళ్ళు తను తాగేస్తుంది. వేరు నల్లబడి మొక్క వాలిపోతుంది. మందు లేదు. ఇక్కడి వెచ్చదనంలో అది చావదు. మట్టిని తవ్వి, ఊరంతటినీ మూసి ఉన్న కప్పు బయట పోస్తే, ఆ చలికీ మాడ్చే వెలుగుకీ మాత్రం చస్తుంది.

"ఎక్కడ పుట్టింది?" అన్నాను.

"తూర్పు గోడ వైపు మడుల్లో. అక్కడ చెమ్మ ఎక్కువ పిన్నీ." ఆ మాట నా వైపు చూడకుండా, చిక్కుడుకాయలకేసి చూస్తూ చెప్పింది.

మా మడుల సంగతి ఇక్కడ రాయాలి. చదివేవాళ్ళలో చిన్నవాళ్ళుంటారు. కప్పు బయట ఉన్నది ఎర్ర దుమ్ము. అందులో గడ్డిపరక కూడా మొలవదు. మట్టి అంటే మా పెద్దలు భూమి నుంచి తెచ్చుకున్న కాస్తా, ఇక్కడ పోయిన మనుషులూ. మనిషి పోతే మడుల ఇంట్లో ఒక మడి అవుతారు. పేరు రాసిన పలక పెడతారు. అందులో ఏం వేయాలో ఇంటివాళ్ళిష్టం. మొదటి కోత ఇంటివాళ్ళది, మిగతాది వంటశాలకి. నేను రోజూ వండేది వాళ్ళ చలవే. అందుకే పొయ్యి మీట నొక్కే ముందు ఒక నమస్కారం పెట్టుకుంటాను.

మా అమ్మాయి అలివేలు మడి పడమర వైపు ఉంది. గోడ బీటలు వారి దుమ్ము లోపలికి వచ్చిన ఏడు, చాలామందితోపాటు తనకీ దుమ్ముదగ్గు వచ్చింది. అప్పటికి తొమ్మిదేళ్ళు. తన మడిలో బచ్చలి వేశాం. బచ్చలిపళ్ళు చిదిపి గోళ్ళకి రంగు వేసుకునేది. ఆ పిచ్చి కోసమే.

తూర్పు మడులని ప్రసూన అనగానే, నాకు తెలియకుండానే ఊపిరి వదిలాను. తర్వాత సిగ్గేసింది. తూర్పున కూడా ఎవరి బిడ్డలో ఉన్నారు కదా.


మార్గశిర శుద్ధ దశమి

గట్టు దగ్గర గొట్టం కారుతోందని బుల్లబ్బాయి వచ్చాడు. బల్ల కింద వెల్లకిలా పడుకుని మరలు బిగిస్తున్నాడు. లేచి పారిపోలేడు కదా అని తిరుగుమాట వాడికే అప్పజెప్పాను.

అంతా విన్నాడు. కింద నుంచే అన్నాడు: "బానే ఉంది గానీ అక్కా, మా బాబు మడి తూర్పు గోడకి ఆనుకునే ఉంది. అక్కడ దోసపాదు చూశావా? కాయలు నా తలకాయంత ఉన్నాయి."

"నీ తలకాయంత అంటే పెద్ద కాయ కాదులే."

"ఎగతాళి తర్వాత. ముందు ఇది చెప్పు. నల్లబడింది పడమర పక్క కంది వరస కదా? తూర్పున పుట్టిన తెగులు మధ్య వరసలన్నీ వదిలేసి పడమరకి ఎలా గెంతింది? నేను సభలో ఇదే అడుగుతాను, ముందే చెప్తున్నాను. జవాబు లేకపోతే చెయ్యెత్తను."

"నన్నే అడుగుతావురా?"

"శ్రోతనే కదా అడగాలి? ఆ పిల్ల ఎలాగూ మాట్లాడకూడదు."

వాడు వెళ్ళాక చాలాసేపు ఆలోచించాను. నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. ప్రసూన చెప్పిందంతా మొదటినుంచి మళ్ళీ మనసులో చెప్పుకున్నాను. వినడంలో తప్పు లేదు. చెప్పడంలోనే ఏదో మిగిలిపోయింది.


మార్గశిర శుద్ధ ఏకాదశి

ఉపవాసం. పొద్దున్నే నారుగదికి వెళ్ళాను. ప్రసూన గాజుగొట్టాల్లో మొక్కల వేళ్ళు కడుగుతోంది. బుల్లబ్బాయి అడిగింది అడిగాను.

"చెమ్మ... లోపల లోపల పాకుతుంది పిన్నీ," అంది.

"మధ్య వరసలు వదిలేసి పాకుతుందా?"

చేతిలో వేరును కడిగిందే కడుగుతోంది.

"అమ్మా, నేను పదిమందిలో నిలబడాలి. నీ చదువంతా ఆ రోజు నా నోట్లో ఉంటుంది. నువ్వు నాకు సగం ఇచ్చి పంపితే నీకే నష్టం. నా దగ్గర ఏం దాచావు?"

గొట్టం పక్కన పెట్టింది. కళ్ళు నిండిపోయాయి. అప్పటికి నాకు సగం తెలిసిపోయింది. చదువు వల్ల కాదు. మనల్ని చూసి ఎవరైనా ముందే ఏడుస్తున్నారంటే, ఆ ఏడుపు మనదే.

"అందులో అలివేలు ఉందా?" అన్నాను.

తలూపింది.

కూర్చోబెట్టి చెప్పింది. "దుమ్ముదగ్గుకి ఏ మందు ఇచ్చారో గుర్తుందా పిన్నీ?"

గుర్తులేకపోవడమేమిటి? పచ్చగా ఉండేది. నోట్లో పెడితే చేదు. అలివేలు పళ్ళు బిగబట్టేది. బెల్లం నీళ్ళు చూపించి, స్వామి ప్రసాదమని చెప్పి, ముక్కు మూసి తాగించేదాన్ని.

"అది మందు కాదు పిన్నీ, బూజు. ఊపిరితిత్తుల్లో పేరుకున్న దుమ్మును తినడానికి పెంచిన బూజు. చాలామందిని బతికించింది. నన్ను కూడా. మేం బతికాం కాబట్టి మా ఒళ్ళే దాన్ని చంపేసింది. బతకనివాళ్ళలో అది చావలేదు. మట్టిలో నిద్రపోయింది. ఇప్పుడు లేచి వేళ్ళు తింటోంది. చెమ్మ కాదు, తూర్పు కాదు. దుమ్ముదగ్గుతో పోయినవాళ్ళ మడులన్నీ."

"మూడు పూటలా నేనే పట్టాను," అన్నాను.

"అందుకే చెప్పలేదు."

కాసేపటికి, తూర్పు అని ఎందుకు చెప్పావని అడిగాను. అటువైపు కూడా అలాంటి మడులు రెండున్నాయట. వాటి వరకు చెప్పి గట్టెక్కుదామనుకుందట. "మీ నోటితో మీరే మీ పాప మడి తవ్వమని చెప్పకుండా ఉంటే చాలనుకున్నాను పిన్నీ."

"సభలో చెప్పని మడిని తవ్వనివ్వరు కదమ్మా."

"తెలుసు."

"మరి ఒక్క మడి వదిలేస్తే ఏమవుతుంది?" ఈ ప్రశ్న అడిగింది నేనే. దాచకుండా రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ పిల్ల అవునంటుందేమోనని చూశాను.

"మళ్ళీ వస్తుంది," అంది నేలకేసి చూస్తూ. "రెండేళ్ళకో మూడేళ్ళకో. అప్పుడు నారుకి పనికొచ్చే మట్టి ఇంత కూడా మిగిలి ఉండదు."

"నేనే తప్పుకుంటాను పిన్నీ. ఈ ఏడు సభ వద్దని రాసిస్తాను" అని కూడా అంది. నేను లేచి వంటశాలకి వచ్చేశాను.


మార్గశిర శుద్ధ ద్వాదశి

మా ఆయన వరదయ్య మంచుగనిలో పని చేస్తారు. వారానికోసారి వస్తారు. ద్వాదశి పారణకి సరిగ్గా వచ్చారు. వడ్డించి, తినడం అయ్యేదాకా ఆగి, చెప్పాను.

చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయారు. కంచంలో చెయ్యి ఎండిపోయింది.

"వస్తూ వస్తూ చూసే వచ్చానే. ఎంత పచ్చగా ఉందో. తీగ పలకని కూడా కప్పేసింది. దానికి రోగమంటే ఎవరు నమ్ముతారు?"

"బచ్చలిని అది ఏమీ చెయ్యదటండి. అందులో ఉండి పక్కవాటికి వెళ్తుందట."

"అర్థం కాలేదని చెప్పు."

"ఏమిటండీ?"

"ఒక్క మాట. సభలో దీక్షితులుగారు అడుగుతారు కదా, శ్రోతా అర్థమైందా అని. లేదండీ అను. పదో తరగతి దానివి, ఎవరు తప్పుపడతారు? ఆ పిల్ల వచ్చే ఏడు ఇంకో శ్రోతని తెచ్చుకుంటుంది. ఒక్క ఏడాదే తాయారూ. ఇంకొక్క ఏడాది బచ్చలి కోసుకుంటాం."

"ప్రమాణం చేశాను."

"ఎవరి మీద? స్వామి మీదే కదా? స్వామికి కూతురు లేదు."

అన్న వెంటనే ఎండిన చేత్తోనే లెంపలు వేసుకున్నారు. స్వామి పటం వైపు తిరిగి మళ్ళీ వేసుకున్నారు. ఆయన ఏడవలేదు. నేనూ ఏడవలేదు. కంచం తీసి కడిగాను.

నాకు ఆయన మీద కోపం రాలేదు. పొద్దుటి నుంచి నేను అనుకుంటున్నదే ఆయన పైకి అన్నారు.


మార్గశిర పౌర్ణమి

వరి పోయింది. పడమర నారంతా రెండు రోజుల్లో వాలిపోయింది. గంగాళం ఎదుట నిలబడి ఎలా పంచాలా అని చూస్తున్నాను. ఇకనుంచి పిల్లలకైనా పెద్దలకైనా అన్నం ఒక పూటే. రెండో పూట నాచుపిండి జావ. నోట్లో పెడితే తడిగుడ్డ నమిలినట్టుంటుంది.

పసిపిల్లల బడికి జావ నేనే తీసుకెళ్ళాను. ఒక బుడ్డది గిన్నె చూసి, మూత తీసి, కింద అన్నం ఉందేమోనని చెంచాతో వెతికింది. లేకపోయేసరికి నా మొహంలోకి చూసి, "అమ్మమ్మా, అన్నం మర్చిపోయావు" అంది. తప్పు నాదే అయినట్టు ముద్దుగా కసిరింది.

"రేపు తెస్తానమ్మా" అన్నాను. అబద్ధం.

వచ్చే దారిలో మడుల ఇంటికి వెళ్ళాను. అలివేలు దగ్గర కూర్చున్నాను. మామూలుగా అయితే ముదురాకులు తుంపుతూ ఆ రోజు ఏం వండానో చెప్తాను. ఈ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కందిమొక్క ఒకటి పక్క మడిలో నేలకి ఒరిగి ఉంది. దాని పలక మీద రామలక్ష్మి అని ఉంది. ఆమె నాకు పదో తరగతిలో లెక్కలు చెప్పిన పంతులమ్మ. దుమ్ముదగ్గుతో పోలేదు, ముసలితనంతో పోయింది. నా బిడ్డ మడి నుంచి ఆమె మడికి వెళ్ళింది, తెగులు.

స్వామిని అడిగాను. నీ పేరు మీద ప్రమాణం చేశాను, నువ్వే ఏదో దారి చూపించు అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏమీ అనడు. కానీ నోట్లో అబద్ధం పెట్టుకుని రోజూ ఆయన ముందు బల్బు వెయ్యడం నా వల్ల అయ్యే పని కాదు. అంతకు మించి నాకు తెలివి లేదు.

నారుగదికి వెళ్ళి ప్రసూనతో చెప్పాను. "తప్పుకోవద్దు. మొదటినుంచి మళ్ళీ చెప్పు. ఈసారి అంతా."

చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. ఆగినప్పుడల్లా "ఊఁ" అన్నాను.


మార్గశిర బహుళ పంచమి

ఈ రోజు సభ.

హాలు నిండిపోయింది. ఆకలి మీద ఉన్నారు కాబట్టి ఎవరూ గోలచేయలేదు. ముందు ఒక కుర్రాడి పని, నీటి వడపోత గురించి. వాడి శ్రోత తోటమాలి. చక్కగా చెప్పాడు, నవ్వించాడు కూడా. చేతులు లేచాయి. తర్వాత ప్రసూనని పిలిచారు. పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నా పాదాలకేసి చూస్తోంది.

పెద్దాయన దీక్షితులుగారు పద్ధతి ప్రకారం అడిగారు. "శ్రోతా, అర్థమైందా?"

మా ఆయన మూడో వరసలో ఉన్నారు. గని బట్టల్లోనే వచ్చేశారు. నన్నే చూస్తున్నారు. లేదండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట నోట్లోకి వచ్చింది కూడా. దాని రుచి తెలిసింది.

"అర్థమైందండి," అన్నాను.

నా గొంతు చిన్నది. వెనక నుంచి "పెద్దగా చెప్పు తాయారక్కా" అని ఎవరో అరిచారు. గొంతు పెంచి చెప్పాను. జ్ఞాపకం ఉన్నంతవరకు ఇది నా తిరుగుమాట.

"ఇళ్ళలో రుబ్బు పులియబెట్టుకుంటాం కదా. పాత రుబ్బు గిన్నె అడుగున చెంచాడు మిగిలితే చాలు, కొత్త రుబ్బు కూడా పులుస్తుంది. ఈ నల్లవేరు అలాంటిది. గోడ బీటలు వారిన ఏడు మన పిల్లలకీ పెద్దలకీ పచ్చమందు తాగించాం. అది బూజు. దుమ్మును తినాలని తాగించాం. తిన్నది. చాలామంది బతికారు, ఇక్కడ కూర్చున్నారు. బతకనివాళ్ళని మడుల్లో పెట్టాం. వాళ్ళతోపాటు ఆ బూజుని కూడా పెట్టాం. మనకి తెలీదు. అప్పట్లో ఎవరికీ తెలీదు. తినడానికి దుమ్ము లేక అది ఇప్పుడు వేళ్ళు తింటోంది. మడిలో ఉన్న మొక్క పచ్చగానే ఉండొచ్చు. అయినా అందులోంచి పక్క మడికి వెళ్తుంది. దుమ్ముదగ్గుతో పోయినవాళ్ళ మడుల మట్టి అంతా తవ్వి బయట పోయాలి. బయట తప్ప అది చావదు. పిడికెడు మిగిల్చినా లాభం లేదు. గోటిలో మిగిలినా మళ్ళీ పాకుతుంది. ప్రసూన పని ఇదండి. ఇందులో నేను కలిపింది రుబ్బు మాట ఒక్కటే."

బయట పోయడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఏ దుమ్ము వాళ్ళని చంపిందో ఆ దుమ్ములోకే.

బుల్లబ్బాయి లేచాడు. అడగాల్సింది అడగలేదు. "దుమ్ముదగ్గు మడులు తూర్పున రెండే, మిగతావి పడమర. ఇప్పుడు లెక్క కుదిరింది," అని నెమ్మదిగా అని కూర్చున్నాడు.

అప్పుడు బట్టలుతికే చెల్లాయమ్మ లేచింది. వాళ్ళాయన కూడా ఆ ఏడే పోయాడు. "ఏమ్మా తాయారూ, తవ్వమని ఎంత చక్కగా చెప్పావు! మా ఆయన మడిలో ఇన్నేళ్ళూ మునగ కోసుకుని నువ్వే కదా వండావు? తవ్వేది మావేనా? నీ కూతురిది కూడానా?"

"మొదట దానిదే చెల్లాయీ."

"ఇంకోసారి చెప్పు."

"అలివేలు మడి. పడమర వైపు. దాని పక్కనే మొదట నల్లబడింది. మొదట తవ్వాల్సింది దాన్నే."

చెల్లాయమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. నిలబడే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని, కూర్చోకుండానే చెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి చూసి ఒక్కొక్కరూ ఎత్తారు. హాలంతా లేచింది.

మా ఆయన ఎత్తలేదు. రెండు చేతులతోనూ మోకాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

దీక్షితులుగారు పట్టా ప్రకటించారు. ప్రసూన ఇక మాట్లాడవచ్చు. పీట మీద నుంచి లేచి నాకు దణ్ణం పెట్టింది. ఎప్పుడూ ఉండే చప్పట్లు ఈసారి ఎవరూ కొట్టలేదు. అందరూ జావకి వెళ్ళారు. నేను వడ్డించాను.


మార్గశిర బహుళ అష్టమి

పొద్దున్నే మడుల ఇంటికి పిలిచారు. మొదటి తట్ట ఇంటివాళ్ళు ఎత్తవచ్చన్నారు. మా ఆయన వస్తారని అనుకోలేదు. నాకన్నా ముందే వచ్చి గోడకి ఆనుకుని ఉన్నారు. చేతిలో పార ఉంది.

"వేరేవాళ్ళు తవ్వితే తగిలేలా తవ్వుతారు," అన్నారు.

ముందు బచ్చలి తీగ నేను తీశాను. గుంజకి చుట్టుకున్న తీగ కొసల్ని ఒక్కొక్కటే విప్పాను. తెంపేస్తే పని తొందరగా అయ్యేది. ఎవరూ తొందర పెట్టలేదు. వేళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. మా ఆయన ఆ వేళ్ళని ఒకసారి చేత్తో తడిమి చూశారు.

ఆయన పార వేశారు. లోతుగా కాదు, పిల్లని దుప్పట్లోంచి తీసినట్టు అంచుల నుంచి. నేను చేతులతో తట్టలోకి ఎత్తాను. పార ఉండగా చేతులెందుకని ప్రసూన అనలేదు. మట్టి నల్లగా, మెత్తగా, వెచ్చగా ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఎంత మట్టి ఉంటుంది? తొందరగానే అయిపోయింది.

తట్టలు బండిలో పెట్టి కప్పు బయటికి దారి తీసే గడప దాకా వెళ్ళాం. గడప దాటడానికి మాకు వీల్లేదు, ముసుగు బట్టలవాళ్ళే వెళ్తారు. గాజులోంచి చూశాం. కొంచెం దూరంలో గుమ్మరించారు. ఎర్రటి నేల మీద నల్లటి చిన్న కుప్ప. నేను స్వామి నామం చెప్పుకున్నాను. మా ఆయన పెదాలు కూడా కదిలాయి. చూస్తూండగానే గాలికి కుప్ప మీద ఎర్ర దుమ్ము పడడం మొదలైంది. మా ఆయన మొహం తిప్పుకున్నారు. నేను రంగు పూర్తిగా మారేదాకా చూశాను.

"ఇంక పద," అన్నారు.

గడప పక్కన కడుగుగది ఉంది. మట్టి ముట్టుకున్నవాళ్ళందరూ కడుక్కునే వెళ్ళాలి. ఆ నీళ్ళు కూడా పట్టి బయటికే పంపుతారు. అది నేను సభలో చెప్పిన మాటే. మా ఆయన కడుక్కుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం గనికి తిరిగి వెళ్ళాలి. నేను తొట్టి దగ్గర నిలబడ్డాను. కుళాయి తిప్పలేకపోయాను. అరచేతి గీతల్లో, గోళ్ళ కింద నల్లగా ఉంది. చేతులు ముందుకు చాపి అలాగే ఉండిపోయాను. నా వెనక మిగతా మడులవాళ్ళు ఎదురుచూస్తున్నారు. చెల్లాయమ్మ ఉంది. ఎవరూ కదలమనలేదు.

ప్రసూన వచ్చింది. చిన్న కుంచె, సబ్బు తెచ్చింది. "పిన్నీ," అంది. నా కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని కుళాయి తిప్పింది. బొటనవేలు మొదలుకుని ఒక్కో గోరూ కుంచెతో తుడిచింది. వెలుగుకి పెట్టి చూసి, మళ్ళీ తుడిచింది. నీళ్ళు ముందు నల్లగా, తర్వాత బూడిదరంగుగా, తర్వాత తెల్లగా పోయాయి.

ఎడమచెయ్యి ఇమ్మంది.

పిడికిలి బిగించి కాసేపు ఇవ్వలేదు. ఆ పిల్ల అడగలేదు, లాక్కోలేదు. నీళ్ళు వృథాగా పోకుండా కుళాయి కట్టేసి నిలబడింది.

ఇచ్చాను.